116కు వారసుడేడీ?

2021లో ‘నో టైమ్ టు డై’తో డేనియల్ క్రెయిగ్ తప్పుకున్నాడు. తర్వాతి జేమ్స్‌బాండ్ ఎవరన్న ఊహాగానాలు ఆ రోజే మొదలయ్యాయి. 2025 ఫిబ్రవరిలో సిరీస్ పగ్గాలు బ్రకోలీ కుటుంబం నుంచి అమెజాన్ చేతికి వెళ్లడం, డెనీ విల్నవ్ దర్శకుడిగా, స్టీవెన్ నైట్ రచయితగా ఖాయం కావడంతో అవి మరింత జోరందుకున్నాయి. బాండ్ ఎవరైతే మనకేంటి అనిపించవచ్చు. కానీ గూఢచారి వేషానికి మనిషిని వెతకడంలో తెలుగు సినిమా ఒకప్పుడు ఆ లండన్ నిర్మాతలకు ఏమాత్రం తీసిపోని తెలివి చూపించింది. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు ఆ వెతకడమే మానేసింది. గూఢచారి సిరీస్‌కి మొదటి హీరో దొరకడం గొప్ప కాదు, రెండోవాణ్ణి నిలబెట్టినప్పుడే అది సిరీస్ అవుతుందని నాకనిపిస్తుంది.

1966 సంగతి చూడండి. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ మంచి ఊపు మీదున్న రోజులు. సుందర్‌లాల్ నహతా, డూండీ ‘గూఢచారి 116’ తలపెట్టినప్పుడు ఆ ఇద్దరి జోలికి పోకుండా, అంతకు ముందు ఏడాదే ‘తేనె మనసులు’తో హీరో అయిన కృష్ణను బుక్ చేశారు. అందులో స్కూటర్ మీద కారును వెంటాడే సన్నివేశంలో ఆ కుర్రవాడు చూపిన తెగువ డూండీ కంటబడిందని, వేషం అలా ఖాయమైందని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తెగువ సరే, ఆ ఎంపికలో ఇంకో లాభం కూడా ఉంది. గూఢచారి అంటే నలుగురిలో కలిసిపోయేవాడు. మన పాత సినిమాల్లో హీరో బుగ్గ మీద పులిపిరి అతికించుకుంటే హీరోయిన్ గుర్తుపట్టలేదు, నేల టికెట్టు కొన్నవాడు మాత్రం మొదటి క్షణంలోనే ఈల వేస్తాడు! రాముడిగానో దేవదాసుగానో జనం మనసులో నాటుకుపోయిన మనిషి రహస్యంగా ఎక్కడికి వెళ్లగలడు? కృష్ణకు అప్పటికి అలాంటి బరువేమీ లేదు. ఎం. మల్లికార్జునరావు దర్శకత్వంలో జయలలిత సరసన ఆయన తెర మీదికి వస్తే జనం ముందు చూసింది 116ని, ఆ తర్వాతే కృష్ణని.

ఆ సినిమా మూలం ఫ్రెంచిది. ఫ్రెంచికీ తెలుగుకీ చుట్టరికం అంటే మనకు యానామే గుర్తొస్తుంది గానీ, గూఢచారి దగ్గర ఆ చుట్టరికం ఇంకో దారిన కలిసింది. యానాం ఫ్రెంచి ఏలుబడి నుంచి బయటపడింది 1954లో. అంతకు ఐదేళ్ల ముందే, అంటే ఇయాన్ ఫ్లెమింగ్ తొలి బాండ్ నవల కన్నా నాలుగేళ్లు ముందుగా, జాఁ బ్రూస్ అనే ఫ్రెంచి రచయిత ఓఎస్ఎస్ 117 అనే గూఢచారిని పుట్టించాడు. ఆ గూఢచారి మీద 1964లో వచ్చిన బ్యాంకాక్ కథే మన 116కు ప్రేరణ. (ఫ్రెంచివాడి నంబరులోంచి ఒకటి తీసేస్తే మన నూటపదహార్లు మిగలడం ముచ్చటైన సంగతి.) ఫ్రెంచివాళ్లు ఆ వేషాన్ని ఒక్కరికే కట్టబెట్టలేదు. 1964 సినిమాలో కెర్విన్ మాథ్యూస్, మరుసటి ఏడాది ఫ్రెడరిక్ స్టాఫర్డ్, 1968లో జాన్ గావిన్ వేశారు. చాలాకాలం తర్వాత 2006లో జాఁ దుజార్దాఁ అదే నంబరుతో నవ్వులు పండించాడు. అసలు రచయితే 1963లో కారు ప్రమాదంలో పోతే, ఆయన భార్య కలం అందుకుని నవలలు కొనసాగించింది. రాసేవాళ్లు మారారు, వేసేవాళ్లు మారారు, 117 మాత్రం ఉండిపోయాడు.

మన 116 కూడా ఒక్కసారి చేతులు మారాడు, కాకపోతే అది హిందీలో. 1967లో ‘ఫర్జ్’గా తీసినప్పుడు ఆ నంబరుతో జితేంద్ర దశ తిరిగింది. తెలుగులో మాత్రం ‘ఆంధ్రా జేమ్స్‌బాండ్’ అన్న బిరుదు పాత్రకు కాక కృష్ణకు అతుక్కుంది. ‘జేమ్స్‌బాండ్ 777’, ‘ఏజెంట్ గోపి’, ‘రహస్య గూఢచారి’, చివరికి 1989లో ‘గూఢచారి 117’ వరకూ నంబర్లు, పేర్లు మారాయే గానీ మనిషి మారలేదు. ఇరవై మూడేళ్లలో ఆ కొత్త కుర్రవాడు సూపర్‌స్టార్ అయ్యాడు. నంబరు ఆయనకు ఇంకో చొక్కా అయింది. కన్నడంలోనూ అంతే. 1968లో మొదలైన సీఐడీ 999 సినిమాలు రాజ్‌కుమార్‌తోనే మొదలై, 1978లో ఆయనతోనే ఆగిపోయాయి. ఇందులో నటుల తప్పేమీ లేదు. ఆ కుర్చీలో మరొకరిని కూర్చోబెట్టే ధైర్యం నిర్మాతలకు లేకపోయింది.

కొత్తవాణ్ణి పెట్టి దెబ్బతిన్న జార్జ్ లేజన్‌బీ మాటేమిటని అడగవచ్చు. అడగాల్సిందే. చాక్లెట్ ప్రకటనల్లో కనిపించిన ఆ ఆస్ట్రేలియా మోడల్, షాన్ కానరీ వెళ్లే మంగలి దగ్గరే జుట్టు కత్తిరించుకుని, కానరీ కోసం కుట్టి దర్జీ దగ్గరే ఉండిపోయిన సూటు తొడుక్కుని నిర్మాతల ముందుకు వెళ్లాడు. నటించిన అనుభవం ఉందని అబద్ధం కూడా చెప్పాడు. ఎంపికయ్యాడు, 1969లో ఒక్క సినిమా చేశాడు, విడుదలకు ముందే ఇక చేయనని ప్రకటించాడు. నిర్మాతలు బెదిరిపోయారు. తర్వాతి సినిమాకు, ఫ్రెంచి 117గా వేసిన ఆ జాన్ గావిన్‌తోనే ఒప్పందం చేసుకుని కూడా, 12.5 లక్షల డాలర్లు పోసి కానరీని వెనక్కి తెచ్చుకున్నారు. కానీ ఆ కంగారు ఎంతకాలం? 1973కల్లా రోజర్ మూర్ వచ్చి ఏడు సినిమాలు లాగించాడు. మూర్ అప్పటికే టీవీలో ‘ది సెయింట్’గా ఇంటింటికీ తెలిసినవాడే కాబట్టి, ముక్కూమొహం తెలియనివాడే కావాలన్న పట్టుదల నాకూ లేదు. వాడి పేరు పాత్ర పేరును మింగెయ్యకూడదు, అంతే. లేజన్‌బీ తప్పుకున్నా సిరీస్ తప్పుకోలేదు. 2005లో క్రెయిగ్ పేరు ప్రకటించగానే అభిమానులు భగ్గుమన్నారు. మరుసటి ఏడాది ‘కాసినో రాయల్’ చూసి వాళ్లే సర్దుకున్నారు.

మన మార్కెట్ వేరు, హీరో పేరు లేనిదే ఓపెనింగ్స్ రావు అన్నది ఇంకో అభ్యంతరం. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. కానీ 2023లో అక్కినేని అఖిల్‌తో ‘ఏజెంట్’, నిఖిల్‌తో ‘స్పై’ వచ్చాయి. పేర్లున్నాయి, ప్రచారం ఉంది, రెండూ నిలబడలేదు. కథలు బాగోలేవు కాబట్టి పోయాయి, హీరోల వల్ల కాదు అంటారా? నిజమే కావచ్చు. అప్పుడు హీరో పేరే సినిమాను మోస్తుందన్న వాదన కూడా దాంతోపాటే పోయింది. 2018లో శశికిరణ్ తిక్క తీసిన ‘గూఢచారి’ దీనికి ఎదురుగా నిలబడుతుంది. అడివి శేష్ అప్పటికి అభిమాన సంఘాలు మోసే హీరో కాదు. ‘క్షణం’తో పేరు తెచ్చుకున్న నటుడు, రచయిత. సినిమా పేరు కృష్ణది, హీరో పేరు గోపీ కూడా ఆ పాత గూఢచారిదే. జనం ఆ గోపీని నమ్మారు, ఎందుకంటే శేష్‌కు తెర మీద కాపాడుకోవాల్సిన ఇమేజి ఏదీ లేదు. దెబ్బలు తిన్నాడు, మోసపోయాడు, పారిపోయాడు. పెద్ద హీరో కథలో ఇవన్నీ ఉండాలంటే ముందు అభిమానుల్ని ఒప్పించాలి.

కొత్త బాండ్ కోసం వచ్చిన నటులచేత ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లోని ఒక హోటల్ గది సన్నివేశం చేయించి చూడడం బాండ్ నిర్మాతలకు చాలాకాలంగా అలవాటు. బాండ్ గదిలోకి వస్తాడు, మంచంలో ఒక అమ్మాయి ఉంటుంది. ఎవరు చేసినా అదే గది, అవే మాటలు. అంత చిన్న సన్నివేశంలో వచ్చినవాడి పేరు పనికిరాదు, పాత్ర ఆ ఒంటికి పడుతుందో లేదో తేలిపోతుంది. మన 116కు అలాంటి కొలబద్ద ఒకటి ఎవరూ తయారుచేయలేదు, ఎందుకంటే రెండోవాడు అవసరమవుతాడని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు 2018 ‘గూఢచారి’కి ‘జీ2’ పేరుతో రెండో భాగం కూడా శేష్ మీదే నడుస్తోంది. తొలి సినిమా కథ ఆయనే రాసుకున్నారు కాబట్టి, మూడోది రాయడానికి కూర్చున్నప్పుడు గోపీగా తనను కాక మరొకరిని ఊహించుకుంటారా అన్నది చూడాలి.