ఫిరంగి గుండు దారి

సురేకారం, గంధకం, బొగ్గుపొడి తగుపాళ్ళలో కలిపితే తుపాకిమందు సిద్ధమవుతుంది. ఫిరంగి గొట్టంలో దానికి నిప్పు తగిలిన మరుక్షణమే వేడి వాయువులు పుట్టి, వ్యాకోచిస్తూ గుండును ముందుకు నెడతాయి. ఆ నెట్టుడు గొట్టం మూతి దాటితే ఇక లేనట్లే. మరి ఆ తరువాత గుండు ఏ దారిన పోతుంది?

ఇటలీ గణితవేత్త టార్టాగ్లియా, ఫిరంగిని 45 డిగ్రీల కోణంలో ఎత్తితే గుండు అత్యధిక దూరం పోతుందని 1537లో ప్రకటించాడు. వాలు తక్కువైతే గుండు త్వరగా నేలకు దిగుతుంది. ఎక్కువైతే చాలాసేపు పైన నిలిచినా ముందుకు సాగేది స్వల్పం. దీని వెనుకనున్న నియమాన్ని 1638లో గెలీలియో వివరించాడు. గుండు సమవేగంతో ముందుకు సాగుతూనే, చెట్టునుండి రాలిన కాయవలె, గురుత్వాకర్షణకు లోబడి ఉంటుంది. ఈ రెండు చలనాల కలయికతో ఏర్పడే వంపుదారి పరావలయం. ఎంత సొగసైన సిద్ధాంతం! అయితే అతివేగంగా పోయే గుండ్ల విషయంలో గాలి ఈ దారిని చెరుపుతుందని గెలీలియోయే హెచ్చరించాడు. తరువాతివారిలో పలువురు ఆ హెచ్చరికను పెడచెవిని పెట్టారు. పలుచని గాలి ఇనుపగుండును ఏమి చేయగలదని వారి ధీమా.

ఆ ధీమాను ఇంగ్లండు దేశస్థుడు బెంజమిన్ రాబిన్స్ 1742లో వెలువరించిన గ్రంథం వమ్ము చేసింది. ఆయన బరువైన చెక్కపలకను లోలకంలా వ్రేలాడదీసి దానిపైకి తుపాకి పేల్చాడు. పలకలో దిగబడిన గుండు తన ద్రవ్యవేగాన్ని దానికి పంచుతుంది. పలక ఊగిన మేరను బట్టి గుండు వేగం తేలుతుంది. లోలకాన్ని మరికొంత దూరం జరిపి పేల్చితే, ఆ కొద్దిపాటి దూరంలోనే వేగం ఎంతో తగ్గిపోయినట్లు కనబడింది. సెకనుకు 500 మీటర్ల వేగంతో వెలువడిన 24 పౌన్ల గుండు, గాలి లేకుంటే, సుమారు 25 కిలోమీటర్లు పోవాలి. నిజానికి అయిదు కిలోమీటర్లయినా పోదు. పైగా గుండు ఎక్కినంత వాలుగా దిగదు. చివరకు నిట్రంగా పడుతుంది. అత్యధిక దూరానికి తగిన కోణం కూడా 45 డిగ్రీలకు తక్కువే అవుతుంది.

మహాగణితవేత్త ఆయిలర్ 1745లో ఈ గ్రంథాన్ని జర్మన్ భాషలోనికి అనువదించి, మూలంకన్న పెద్దదైన వ్యాఖ్య చేర్చాడు. మూలాన్ని మించిన వ్యాఖ్యలు మన సాహిత్యానికీ కొత్త కావు. రాబిన్స్ 1750లో ఈస్టిండియా కంపెనీ కోటలను పటిష్ఠం చేయడానికి మన దేశానికి వచ్చాడు. మరుసటి సంవత్సరమే కడలూరు చెంతనున్న సెంట్ డేవిడ్ కోటలో జ్వరంతో మరణించాడు.