సృజనాత్మక కృతుల శీర్షికలలో భౌగోళిక గుర్తింపు పొందిన పేర్లు: కృష్ణా డెల్టా ఉదాహరణలు

కీలకపదాలు: భౌగోళిక గుర్తింపు, శీర్షిక, కలంకారీ, కొండపల్లి బొమ్మలు, సెక్షన్ 22

ప్రవేశిక

2024 జనవరిలో త్రివిక్రమ్ శ్రీనివాస్ దర్శకత్వం వహించిన ‘గుంటూరు కారం’ చలనచిత్రం విడుదలైంది. అప్పటికే ‘గుంటూరు సన్నం మిర్చి’ భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు. కొండపల్లి బొమ్మలు, మచిలీపట్నం కలంకారీ, మంగళగిరి చీరలు, బందరు లడ్డు కూడా ఈ కోవలోనివే. విజయవాడ నుంచి ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత మేరలోనే ఇన్ని రక్షిత నామాలున్నాయి. వీటిని నవలకో, కథాసంపుటికో, చిత్రకళా ప్రదర్శనకో శీర్షికగా పెట్టదలచినవారికి ఎవరి అనుమతి అయినా అవసరమా అన్నది ఇక్కడి పరిశీలనాంశం.

చట్టం రక్షించేది దేనిని?

1999లో రూపొంది, 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చిన సరుకుల భౌగోళిక సూచికల చట్టం పేరులోనే దాని పరిధి ఉంది. అది సరుకులకు సంబంధించినది. వ్యవసాయోత్పత్తులు, సహజ వస్తువులు, తయారీ వస్తువులు, హస్తకళా వస్తువులు, ఆహార పదార్థాలు మాత్రమే దాని నిర్వచనంలోకి వస్తాయి. ఆ సరుకు ఫలానా ప్రాంతంలో పుట్టిందని కొనుగోలుదారును తప్పుదారి పట్టించే విధంగా పేరును వాడడం, ఆ పేరుతో అధర్మ పోటీకి దిగడం సెక్షన్ 22 ప్రకారం ఉల్లంఘన. ‘గుంటూరు కారం’ టికెట్టు కొన్న ప్రేక్షకుడు మిరపకాయలు కొంటున్నానని భ్రమపడడు. పైగా ఆ శీర్షికలో నమోదైన పేరు పూర్తిగా లేదు కూడా. 1993 నాటి ‘కొండపల్లి రాజా’ విషయం మరీ తేలిక. అందులో ఉన్నది ఊరిపేరే గాని బొమ్మల పేరు కాదు. అప్పటికి చట్టమే లేదు.

ఈ పరిధిని కలకత్తా హైకోర్టు 2019లో స్పష్టం చేసింది. ఒక హోటలు తన విశ్రాంతి మందిరానికి ‘డార్జిలింగ్ లాంజ్’ అని పేరు పెట్టగా టీ బోర్డు దావా వేసింది. నమోదు తేయాకుకు సంబంధించినదనీ, మందిరం సరుకు కాదనీ న్యాయస్థానం ఆ దావాను తోసిపుచ్చింది. ఫ్రాన్సులో దృష్టి వేరు. అక్కడ ‘షాంపేన్’ అని పేరు పెట్టిన పరిమళ ద్రవ్యాన్ని 1993లో పారిస్ అప్పీలు న్యాయస్థానం అడ్డుకుంది. ఎవరూ దానిని మద్యమని పొరబడరు. అయినా ఆ పేరుకున్న ప్రతిష్ఠను సొమ్ము చేసుకోవడమే తప్పుగా అది భావించింది. భారతీయ చట్టం అంత దూరం పోలేదు.

అనుమతి అనే చిక్కు

అనుమతి తీసుకుంటే పోతుంది గదా అన్న మాట తరచు వినిపిస్తుంది. ఇక్కడే చట్టం విచిత్రంగా ఉంది. నమోదైన భౌగోళిక సూచికపై హక్కును బదిలీ చేయడానికి, లైసెన్సుగా ఇవ్వడానికి, తాకట్టు పెట్టడానికి సెక్షన్ 24 వీలు కల్పించదు. అది ఒక సమూహపు ఉమ్మడి ఆస్తి కావడమే అందుకు కారణం. కాబట్టి కొండపల్లి కళాకారుల సంఘానికి రుసుము చెల్లించి శీర్షిక హక్కు కొన్నామని ఏ నిర్మాత అయినా చెబితే, ఆ హక్కుకు ఈ చట్టంలో చోటు లేదు. అడగడం మర్యాద; అంతకు మించి కాదు. శీర్షికకు మాత్రమే కాపీరైటు ఉండదని సుప్రీంకోర్టు కూడా 2015లో కృషికా లుల్లా కేసులో చెప్పింది. ఇక ఫిలిం ఛాంబరులో శీర్షిక నమోదు చేయించుకోవడం పరిశ్రమ ఆచారమే.

కృతియే సరుకైనప్పుడు

అసలు సమస్య కలంకారీ వద్ద ఎదురవుతుంది. మిరపకాయకూ సినిమాకూ మధ్య ఉన్నంత దూరం కలంకారీకీ చిత్రానికీ మధ్య లేదు. మచిలీపట్నం కలంకారీ చెక్క అచ్చులతో, సహజ రంగులతో వస్త్రంపై అద్దేది. పెడన దానికి ప్రధాన కేంద్రం. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసేది. దానికి వేరే నమోదు ఉంది. వన్ టౌన్ టోకు వస్త్ర వర్తకంలో మాత్రం ‘కలంకారీ’ చాలాసార్లు ఒక నమూనా తీరుకు పేరు. స్క్రీన్ ప్రింటింగ్ గుడ్డకు కూడా ఆ మాట చెల్లుతుంది.

ఈ స్థితిలో ఒక చిత్రకారుడు వస్త్రంపై యంత్రంతో ముద్రించిన చిత్రాల వరుసకు ‘మచిలీపట్నం కలంకారీ’ అని శీర్షిక పెట్టి అమ్మితే, అది శీర్షికా, సరుకు పేరా? కొనేవాడి చేతిలో ఉన్నది బట్ట. పక్కనున్న చీటీ మీద ఉన్నది నమోదైన పేరు. కళా స్వేచ్ఛ వాదన ఇక్కడ బలహీనపడుతుంది. అదే పేరు పెడన అద్దకందారుల జీవితంపై రాసిన నవల అట్టమీద ఉంటే ఆ సందేహమే పుట్టదు. ‘కొండపల్లి బొమ్మలు’ అన్న బాలల కథాసంపుటికీ ఆక్షేపణ లేదు. ఆ పుస్తకంతోపాటు అదే పేరుతో ప్లాస్టిక్ బొమ్మను జతచేసి అమ్మితే, తెల్లపొణికి కర్రను చెక్కి బతికే కుటుంబాల అమ్మకానికి అది నేరుగా పోటీ. అప్పుడు సెక్షన్ 22తో పాటు, తప్పుడు సూచికను సరుకుకు అంటగట్టినందుకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించే సెక్షన్ 39 కూడా వర్తించవచ్చు. సినిమా పేరుతో కారం పొట్లాలు వెలువడినా ఇదే ప్రశ్న: లోపలి మిరప ఎక్కడ పండింది, అమ్మేవాడు అధీకృత వినియోగదారుగా నమోదయ్యాడా?