పరుగుకు ముందు పళ్లెం

2022 నాటి తెలంగాణ పోలీసు నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరిగెత్తాలి. అశోక్ నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఉండి చదువుకునే వాళ్లలో చాలామందికి ఈ అంకెలు కంఠతా వచ్చు. తెల్లవారుజామున పరుగు, ఆపైన పొద్దుపోయేదాకా సిటీ సెంట్రల్ లైబ్రరీ. మధ్యలో చాయ్, రెండు బిస్కెట్లు. టిఫిన్ మానేస్తే ఆ డబ్బు ఫొటోస్టాట్ నోట్సుకు పనికొస్తుందని లెక్క.

ఆ లెక్క తప్పు. మనం తిన్న అన్నం, చపాతీల్లోని పిండిపదార్థం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. గట్టిగా పరిగెత్తేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే ముఖ్యమైన ఇంధనం అదే. ఒకపూట మానేస్తే పెద్దగా తేడా తెలియదు. రోజూ పరిగెడుతూ రోజూ అరకొరగా తింటే మాత్రం నిల్వ మళ్లీ నిండదు. ప్రాక్టీసు పెరిగేకొద్దీ టైమింగ్ తగ్గాల్సింది పోయి, కాళ్లు బరువెక్కుతాయి.

పక్కనే దోమలగూడలోని ఏవీ కాలేజీలో బీఏ చదివిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయింది. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు. 50 కిలోలకు దిగాల్సి వచ్చింది. 2024 ఆగస్టు 1న చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడాక, బరువు కోసం రెండు రోజులు ఏమీ తినలేదని, బరువు తూచేదాకా నీళ్లు కూడా తాగలేదని, కోలుకునే వ్యవధి దొరకలేదని ఆమే చెప్పింది. ఓటమికి ఇదొక్కటే కారణమనలేం. వూ యూ ఆ పోటీల్లో స్వర్ణమే గెలిచింది. కానీ అంతటి చాంపియన్ ఒంటికే తిండీ నీళ్లూ లేని ఆ రెండు రోజులు భారమయ్యాయి. అదే ఏడాది నిఖత్ తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా చేరింది.

మెస్సు భోజనంలో అన్నానికి కొదవ ఉండదు, కొరత మాంసకృత్తులకే. కఠినంగా సాధన చేసేవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాములు కావాలి. అంటే 60 కిలోల కుర్రాడికి కనీసం 72 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. పలచటి పప్పుచారుతో ఆ లోటు తీరదు. రెండు గుడ్లు, గట్టి పప్పు, గుప్పెడు పల్లీలు, పెరుగు కలిస్తే చాలావరకు తీరుతుంది. వీటికి పౌడర్ డబ్బాలంత ఖర్చూ కాదు.

అమ్మాయిలు హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ తగ్గితే కండరాలకు ఆక్సిజన్ అందక 800 మీటర్ల మధ్యలోనే ఆయాసమొస్తుంది. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటపడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే దానికి అడ్డుపడుతుంది. గంట ఆగి తాగొచ్చు.