వాలుకాళ్ల బల్ల



మూడేండ్ల క్రిందట మా యింట జరిగిన యొక ప్రమాదముతో నీ ప్రసంగము మొదలుపెట్టవలసియున్నది. అప్పటికి మా తల్లిగారికి ఎనుబదియొక్క యేండ్లు. మందుసీసాలు, మంచినీళ్లచెంబు, కళ్లజోడు పెట్టుకొనుటకై ఆమె మంచముప్రక్కకు నా చేతులతోనే యొక బల్ల చేసియిచ్చితిని. బడిపంతులు పని విరమించినపిదప, పాడి లేక ఖాళీపడిన పసులకొట్టములో రంపము, ఉలి, చిత్రిక పెట్టుకొని కాలము గడుపుచున్నవాడను. బల్ల చూచుటకు ముచ్చటగనే యుండెను. ఒకనాటి తెల్లవాఱుజామున ఆమె మంచముమీదనుండి లేచుచు బల్ల అంచున చేయి యానించినది. బల్ల తలక్రిందయినది, దానితోపాటు ఆమెయు పడినది. ఎముక విఱుగలేదు గాని, ముంజేయి వాచి నెలదినములు కట్టుతో నుండవలసివచ్చెను.

తప్పు ఆమెది కాదు, బల్లది, అనగా నాది. వృద్ధులు లేచునపుడు చేతికందిన దానినెల్ల పట్టుకొందురు. ఆ సంగతి తలచుకొని బల్ల చేయవలసియుండెను.

బల్ల ఎందుకు పడినదో లెక్కవేసి చూచితిని. పలక చదరము, ప్రక్కకు 20 అంగుళములు. కాళ్లను అంచునకు 4 అంగుళములు లోపలగా నిటారుగ నిలిపితిని. అనగా పలక నడిమినుండి కాలు 6 అంగుళముల దూరమున నున్నది. బల్ల బరువు 12 కిలోలు. దీనిని త్రాసుదండెవలె భావింపుడు. కాలి యడుగు దండెకు ముల్లు. ఒకవైపున 6 అంగుళముల దూరమున బల్లబరువు. రెండవవైపున 4 అంగుళముల దూరమున మనిషిచేయి. 12ను 6తో హెచ్చించి 4తో భాగించిన 18 వచ్చును. అంచుమీద 18 కిలోలకు మించి మోపినచో బల్ల లేవక తప్పదు. ముసలిమనిషి లేచునపుడు చేతిమీద అంతకంటె నెక్కువయే మోపును.

ఇక ఆ కాలినే పైన ఉన్నచోటనే యుంచి, అడుగున 3 అంగుళములు వెలుపలికి వాల్చితిమనుకొనుడు. అడుగు ఇప్పుడు నడిమికి 9 అంగుళముల దూరము, అంచునకు ఒక్క అంగుళమే. అదే లెక్క వేసిన 108 కిలోలు వచ్చును. ఇంకను వాల్చిన నింకను మంచిదిగదా యని తోచవచ్చును. అట్లు చేయరాదు. అడుగు పలక అంచును దాటివచ్చినచో, చీకటిలో లేచిన మనిషి కాలివ్రేలికి తగులును. ఒక ప్రమాదమును తప్పింపబోయి మఱియొకదానిని తెచ్చిపెట్టినట్లగును.

నిటారుకాళ్లనే మూలలకు జరిపినచో నేమి యని మీరడుగవచ్చును. లెక్కకది సరిపోవును. కాని కుసి కొంచెము వదులైనంతనే నిటారుకాళ్ల బల్ల ఇటునటు ఊగును. వాలుకాళ్లు పైబరువునకు ఎల్లప్పుడును వెలుపలికే ఒత్తబడుచుండుటచేత కుసి ఒకవైపునకు బిగిసియుండును.

ఇదియంతయు మా వీధి వడ్రంగికి చెప్పగా నాతడు నవ్వి, “పంతులుగారూ, ముక్కాలిపీట కాళ్లు వాలుగా ఎందుకు పెడతామనుకున్నారు? లెక్క లేకుండానే మా తాత పెట్టేవాడు” అనెను. నలుబదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పితిని గాని, ఆ పీటమీద కూర్చుండియు దాని కాళ్లవంక చూచినవాడను కాను.

రెండవ బల్లకు టేకు తెచ్చితిని. అంగుళము మందమునకు ఏడాది చొప్పున ఆరిన చెక్క మేలని పనివారి మాట. వాలుకాళ్ల పనిలో కోణములను తలచుకొని జంకనక్కఱలేదు. నేలమీద సుద్దముక్కతో బల్ల ప్రక్కభాగమును నిజమైన కొలతలతోనే గీయుడు. 27 అంగుళముల నిలువుగీత. దాని అడుగున వెలుపలికి 3 అంగుళములు. ఆ గుర్తును గీత పైకొనతో కలుపుడు. అదియే మీ వాలు. ఆకు కదలు మూలమట్టమును ఆ గీతకు ఆనించి బిగించి, పని ముగియువఱకు వదలింపకుడు. ప్రతి కోతయు దానితోనే. కాలు ప్రక్కకును ముందునకును రెండువైపుల వాలుటచేత 27 అంగుళముల ఎత్తునకు ఇంచుమించు అంగుళములో మూడవవంతు పొడవు అదనముగ కావలెను. నేనైతే పూర్తిగ నొక అంగుళము మిగిల్చితిని.

కాళ్లను కలుపు అడ్డపట్టెల కొనలను గూడ ఈ వాలునకే కోయవలెను. నా పట్టెల వెడల్పు నాలుగున్నర అంగుళములు. కావున పైఅంచుకంటె క్రిందిఅంచు ఒక అంగుళము పొడవైనది. కోసినపుడు రాలిన సన్నని ముక్కలను పాఱవేయకుడు. జిగురు పెట్టి బిగించునపుడు క్లాంపులు వాలుకాలిమీద నిలువక జాఱును. ఆ ముక్కలను కాలికి ఆనించినచో పట్టు దొరకును. క్లాంపులు లేనివారు నాలుగుకాళ్లచుట్టు నులకత్రాడు చుట్టి, నడుమ కఱ్ఱ దూర్చి మెలిపెట్టిన చాలును.

అన్నిటికంటె నాకు ఆనందము కలిగించినది అడుగులు కోయుట. వాలుకాలి కొనను ముందుగనే కోసినచో నాలుగును నేలకు సరిగ నానుట యరుదు. ఒకటి పొడవని కోయుట, అపుడు మఱియొకటి పొడవగుట, ఇట్లు బల్ల పీటయైపోవుట నేనెఱుగుదును. అందుచేత చట్రమంతయు బిగిసినపిదప దానిని చదునైన గచ్చుమీద నిలిపి, కాళ్లక్రింద పలుచని చెక్కలు దూర్చి, పైన రసమట్టము పెట్టి నాలుగువైపుల సరిచూచుకొంటిని. పిదప నొక చిన్న చెక్కముక్కపై పెన్సిలు పరుండబెట్టి, ఆ ముక్కను గచ్చుమీదనే జరుపుచు ప్రతికాలిచుట్టును గీత గీచితిని. గీతలన్నియు నేలకు ఒకే ఎత్తున పడినవి. ఆ గీతవెంట కోయగా వాలు దానంతట నదియే కుదిరినది. బల్లను త్రిప్పి నిలుపగా చప్పుడైనను కాలేదు.

పలకను మాత్రము పట్టెలకు మేకులతో బిగింపకుడు. వానకాలమున చెక్క అడ్డముగ నుబ్బును, ఎండకాలమున కుంచించుకొనును, కదలనీయనిచో పగులును. పట్టెలో గాడి తీసి, చిన్న చెక్కబిళ్లల నొకకొన గాడిలో దూర్చి, రెండవకొనను మరమేకుతో పలకకు బిగించితిని.

బల్ల తెచ్చి మంచముప్రక్క పెట్టినను మా తల్లిగారు వారముదినములు దానిని ముట్టలేదు. చెంబు నేలమీదనే పెట్టుకొనెను. తుద కొకనాడు నేను ఆమె యెదుటనే పోయి బల్ల అంచుమీద కూర్చుంటిని. నా బరువు 64 కిలోలు. బల్ల కదలలేదు. ఆమె కొంతసేపు చూచి, “దిగరా, నువ్వు పడితే నన్ను లేపేదెవరు?” అని, అంచున చేయి మోపి తానే లేచినది.