ఎడారి నడకలో గుంపే రక్ష

కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల రైతులకు ఇసుక మేటలు కొత్త కాదు. హగరి అని పిలిచే వేదవతి నది ఇసుక ఆషాఢ, శ్రావణ మాసాల గాలికి లేచి చేల మీద పడుతుంది. గట్లు మూసుకుపోతాయి. వేసిన విత్తనం ఇసుక కింద పడుతుంది. అందుకే ఇసుకలో నడవడానికి డబ్బు కట్టి రాజస్థాన్ దాకా పోతామని కుర్రకారు అంటే ఇంట్లో పెద్దలు నవ్వడం సహజం.

కాని ఏటా చలికాలంలో దేశం నలుమూలల నుంచి విద్యార్థులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు, పిల్లాపాపలతో కుటుంబాల వారు జైసల్మేర్‌కు రైలెక్కుతున్నారు. అక్కడ గుంపులుగా చేరి, వీపున సంచి వేసుకుని థార్ ఎడారిలో కాలినడకన తిరుగుతారు. రాత్రి గుడారాల్లో పడుకుంటారు. ఈ యాత్ర వినోదమే అయినా ఆటగా తీసుకోదగినది కాదు. ఎడారిలో చిన్న తప్పుకు కూడా ప్రాణమే ధర. ఆ ధర చెల్లించనక్కరలేకుండా చేసేది ఒక్కటే, గుంపు కట్టుబాటు.

ఎక్కడ, ఎప్పుడు?

థార్ ఎడారి సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది. ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే ఉంది. కొంత గుజరాత్, హర్యానా, పంజాబ్‌లలోకి, పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలోకి వ్యాపించింది. యాత్రలకు ముఖ్య కేంద్రం జైసల్మేర్. 1156లో రావల్ జైసల్ స్థాపించిన పట్టణమిది. జోధ్‌పూర్ నుంచి రైలు ఉంది. పట్టణానికి పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సమ్ ఇసుక తిన్నెలు, నైరుతి దిక్కున ఖూరీ తిన్నెలు ఉన్నాయి.

ఎడారి అంటే కనుచూపు మేరా ఇసుకేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జైసల్మేర్ చుట్టూ రాతి నేల, గులకరాళ్ల మైదానం, గడ్డి బీళ్లు, ముళ్ల పొదలు కూడా ఉన్నాయి. నడకలో ఇవన్నీ దాటాలి. అందుకని చెప్పులు పనికిరావు. మడమను పట్టి ఉంచే బూట్లు కావాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు అనువైన కాలం. ఎండాకాలంలో ఆ వైపు పోనే కూడదు. 2016 మే 19న జోధ్‌పూర్, జైసల్మేర్‌ల నడుమ ఉన్న ఫలోదీలో 51 డిగ్రీల ఎండ కాసింది. మన దేశంలో నమోదైన ఎండల్లో అది రికార్డు. చలికాలంలో పగలు వాతావరణం హాయిగానే ఉంటుంది. రాత్రయితే ఇసుక త్వరగా చల్లబడి చలి ఎముకలు కొరుకుతుంది. ఎడారి కదా అని పలచని దుప్పటి తీసుకుపోయినవారు తెల్లవార్లూ కూర్చోవలసిందే.

ఇటువంటి యాత్రలు నడిపే సంస్థల్లో పేరున్నది యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. దీని ప్రధాన కార్యాలయం ఢిల్లీలోని చాణక్యపురిలో ఉంది. యాత్రకు రావాలంటే ముందు సంఘంలో సభ్యత్వం తీసుకోవాలి. ఆరోగ్యం బాగుందని డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం విధిగా జతపరచాలి. ఇవి గాక ప్రైవేటు నిర్వాహకులూ చాలామంది ఉన్నారు.

ఒకరి అడుగులో ఒకరు

గుంపు యాత్రలో నడక పద్ధతి వేరు. దారి తెలిసిన స్థానికుడు, నాయకుడు ముందు నడుస్తారు. మరో బాధ్యుడు అందరికంటే వెనుక ఉంటాడు. అతని వెనుక ఎవరూ ఉండకూడదు. బయలుదేరేటప్పుడు, ఆగినప్పుడు, గుడారం చేరాక తలలు లెక్కపెడతారు. అందరికంటే మెల్లగా నడిచేవాని నడకే గుంపు నడక. కాళ్లలో బలముందని ముందుకు ఉరికేవాడు ఇక్కడ వీరుడు కాదు, బరువు.

ఇసుక తిన్నెకు ఒక వైపు వాలు మెల్లగా, ఇంకో వైపు నిటారుగా ఉంటుంది. గాలి తగిలే మెల్లని వాలున ఇసుక గట్టిపడి అడుగు నిలుస్తుంది. నిటారు వైపు అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడి, ఎక్కినంతా జారిపోతుంది. అనుభవం ఉన్నవారు తిన్నె అంచు వెంట, ముందువాని అడుగులో అడుగు వేసి నడుస్తారు. దూరం కాస్త పెరిగినా అలుపు తగ్గుతుంది.

తిన్నెలన్నీ ఒకేలా ఉంటాయి. నడిచిన అడుగుల గుర్తులు గంటసేపటి గాలికి చెరిగిపోతాయి. అందుకే తప్పిపోయినవారికి నేర్పే మొదటి పాఠం ఒక్కటే. ఉన్నచోటే కూర్చోవాలి. ఈల వేయాలి. రంగుగుడ్డ కనిపించేలా పరచాలి. వెతకడానికి వచ్చేవారు చివర చూసిన చోటికే వస్తారు. తోచిన దిక్కున నడుస్తూ పోతే వారికి దొరకడు.

దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. మొరాకో దేశపు సహారా ఎడారిలో 1986 నుంచి మారథాన్ దె సాబ్ల్ అనే పరుగు పందెం జరుగుతోంది. 1994 పందెంలో మౌరో ప్రోస్పెరీ అనే ఇటలీ పోలీసు అధికారి పాల్గొన్నాడు. దారిలో ఇసుక తుఫాను లేచింది. అటువంటప్పుడు ఆగిపోవాలన్నది అక్కడి నియమం. పందెంలో వెనుకబడతానని అతను ఆగలేదు. తుఫాను తగ్గేసరికి దారి లేదు, తోటివారూ లేరు. తొమ్మిది పది రోజులు ఒంటరిగా తిరిగాడు. నీరు లేక మూత్రం తాగాడు. గబ్బిలాలను పట్టి తిన్నాడు. చివరకు సరిహద్దు దాటి అల్జీరియాలో, దారికి దాదాపు 300 కిలోమీటర్ల దూరాన సంచార జాతివారి కంటపడి బతికాడు. అతను వ్యాయామంలో ఆరితేరినవాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్న సామెత ఎడారిలో అక్షరాలా ప్రాణాంతకం.

దాహం వేయకముందే

ఎడారి గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టినా చర్మం మీద నిలవకుండా ఆరిపోతుంది. అందువల్ల ఒంట్లో నీరు పోతున్న సంగతి మనిషికి తెలియదు. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. చలికాలంలో కూడా నడిచే మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల నీరు కావాలి. ఒక్కసారిగా కడుపునిండా తాగడం కాదు, గుక్కెడు గుక్కెడు చొప్పున తరచు తాగాలి. రేపటికని దాచుకుని నోరెండబెట్టుకోవడం తెలివి కాదు.

వట్టి నీరు ఒక్కటే చాలదు. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు గాని, ఉప్పు, చక్కెర కలిపిన నిమ్మనీరు గాని తీసుకోవాలి. ఎండన పడి పనిచేసే మన కూలీలు ఉప్పు వేసిన మజ్జిగ తాగేది ఇందుకే. తల తిరగడం, వాంతి రావడం, మాట తడబడటం, ఒళ్లు కాలిపోతున్నా చెమట పట్టకపోవడం వడదెబ్బ లక్షణాలు. అటువంటివారిని వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిగుడ్డతో తుడిచి, గాలి విసిరి, ఆస్పత్రికి తరలించాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయకూడదు. అప్పుడు పక్కన నలుగురు ఉన్నారా లేదా అన్నదే చావు బతుకులు తేలుస్తుంది.

తలకు తలపాగా గాని తువ్వాలు గాని, ఒంటికి నిండు చేతుల నూలు చొక్కా ఉండాలి. రాజస్థాన్ పశువుల కాపరులు అంత పెద్ద పాగా చుట్టేది అందం కోసమే కాదు. అది ఎండకు గొడుగు, దుమ్ముకు తెర, అవసరమైతే బావిలో నీరు తోడే చేంతాడు. థార్‌లో తేళ్లు, మనకు తెలిసిన చిన్న పింజర పాములు ఉన్నాయి. పొద్దున బూట్లు దులపకుండా కాలు పెట్టరాదు. రాత్రి టార్చిలైటు లేకుండా గుడారం దాటరాదు.

అతిథికీ ఒక ధర్మం ఉంది

జైసల్మేర్‌లో ఏడాదికి సగటున 20 సెంటీమీటర్ల వాన కూడా పడదు. కరువు జిల్లాగా పేరుపడిన అనంతపురంలోనే సుమారు 55 సెంటీమీటర్లు పడుతుంది. మనకంటే అంత తక్కువ వానతో అక్కడి ఊళ్లు వందల ఏళ్లుగా నిలిచాయంటే నీటి చుక్కను లెక్కచూసుకోవడమే కారణం. యాత్రకు పోయేవారు ముందు తెలుసుకోవలసింది ఈ లెక్కే.

దారిలో ఊళ్ల పక్కన టాంకాలు కనిపిస్తాయి. ఇవి నేలలో తవ్వి గచ్చు చేసిన తొట్లు. చుట్టూ నేలను వాలుగా చదును చేసి, పడిన వాన అంతా తొట్టిలోకి దిగేలా చేస్తారు. ఆ వాలు నేలను అక్కడివారు ఇంటి వాకిలిలా శుభ్రంగా ఉంచుతారు. దాని మీద బూట్లతో తిరగడం, దగ్గరలో మలమూత్ర విసర్జన చేయడం ఆ ఊరి తాగునీటిని పాడుచేయడమే. నలభై మంది గుంపు ఒక్క పూట స్నానాలకు దిగితే ఆ ఊరికి ఎన్ని రోజుల నీరు ఖర్చవుతుందో ఆలోచించాలి. అందుకే మంచి నిర్వాహకులు గుడారాల దగ్గర నీరు కొలిచి ఇస్తారు. దానికి సణగరాదు.

ఖడీన్ అన్న సేద్యం చూసితీరవలసినది. రాతి గుట్టల మీద పడిన వాన పల్లానికి వచ్చేచోట పొడవాటి మట్టికట్ట వేస్తారు. వానాకాలంలో నీరు నిలిచి నేలలోకి ఇంకుతుంది. నీరు తీయగానే ఆ చెమ్మతోనే చలికాలంలో గోధుమ, శనగ పండిస్తారు. బోరు లేదు, మోటారు లేదు. పాలీవాల్ బ్రాహ్మణులు ఈ విద్యలో దిట్టలని పేరు. వారి కుల్‌ధరా గ్రామం 19వ శతాబ్దం తొలినాళ్లలో పాడుపడింది. దివాను దౌర్జన్యానికి ఊరు వదిలారని జనం చెప్పుకుంటారు. నీరు అడుగంటడమూ ఒక కారణమని పరిశోధకులు అంటారు. యాత్రికులు అక్కడ దయ్యాల కథలు విని వస్తారు. ఆ ఊరి నీటి కథ మనకు ఎక్కువ పనికివస్తుంది.

థార్‌లో తరచు కనిపించే ఖేజ్రీ చెట్టు మరేదో కాదు, మన జమ్మి. దసరాకు మనం పూజ చేసి ఆకు పంచుకునేది అదే. అక్కడ దాని ఆకు పశువులకు మేత. కాయ మనుషులకు కూర. సజ్జ చేల నడుమ దాన్ని నరకకుండా ఉంచుతారు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీ గ్రామంలో రాజభటులు ఈ చెట్లు కొట్టడానికి వస్తే అమృతాదేవి అనే బిష్ణోయీ స్త్రీ చెట్టును కౌగిలించుకుని ప్రాణమిచ్చింది. ఆమె వెంట మొత్తం 363 మంది బలయ్యారని చరిత్ర. అటువంటి నేల మీద చలిమంట కోసం కొమ్మ విరవడం అపచారం. పాటలకు, కబుర్లకు మంట అక్కరలేదు. చంద్రుడు లేని రాత్రి చుక్కల వెలుతురే చాలు.

జైసల్మేర్, బార్మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఎడారి జాతీయ పార్కు ఉంది. బట్టమేక పక్షికి మిగిలిన ఆఖరి నెలవుల్లో అది ముఖ్యమైనది. ఈ పక్షి కోసమే 1988లో మన పొరుగున రోళ్లపాడు అభయారణ్యం ఏర్పాటైంది. అది ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. బట్టమేక బీటి నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ ఎక్కువగా ఒక్కటే. అందుకని పార్కులో అటవీశాఖ అనుమతి లేకుండా, గీసిన దారి దాటి తిరగకూడదు. పాకిస్తాన్ సరిహద్దు దగ్గర కనుక కొన్ని ఊళ్లకు పోలేరు. గుర్తింపు కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి.

డబ్బు కట్టేముందు

ఎడారి యాత్ర పేరుతో జీపుల్లో తిప్పి, మైకులో పాటలు పెట్టి పంపేవారూ ఉన్నారు. అది సరదా కోరేవారికి సరే. నడక కోసం పోయేవారు మాత్రం కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. గుంపులో ఎందరు? నాయకునికి ప్రథమ చికిత్స తెలుసా? రోజుకు ఎన్ని కిలోమీటర్ల నడక? మనిషికి ఎన్ని లీటర్ల నీరు? అవసరమైతే వచ్చే బండి ఎంత దూరంలో ఉంటుంది? ఆస్పత్రి ఎక్కడ? ఆడవారికి వేరే గుడారాలు, మరుగు ఉన్నాయా? యాత్ర ఆగిపోతే సొమ్ము తిరిగి ఇస్తారా? వీటికి సూటిగా జవాబు చెప్పనివారికి దూరంగా ఉండటం మేలు.

గుండె జబ్బు, రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. మిగిలినవారు రెండు నెలల ముందు నుంచే ఐదారు కిలోల సంచి వీపున వేసుకుని రోజూ నడక అలవాటు చేసుకోవాలి. కొత్త బూట్లు ఊళ్లోనే వాడి మెత్తబరచాలి. కొత్త బూట్లతో నేరుగా ఎడారికి పోతే రెండో రోజుకే బొబ్బలెక్కి గుంపంతా ఆగవలసి వస్తుంది.

మన పల్లె యువకులకు ఈ యాత్ర మరీ కష్టమేమీ కాదు. ఎండ, సజ్జరొట్టె, బిందెడు నీళ్ల కోసం నడవడం వారికి తెలిసినవే. నేర్చుకోవలసింది గుంపులో ఒదిగి ఉండటం. తన సీసాలో నీరు మిగిలినా, పక్కవాని సీసా ఖాళీ అయిందేమో చూడటం. ఎడారి ఊళ్లు బతికింది ఆ గుణంతోనే. కరువు నేలకు తిరిగి వచ్చాక కూడా అది ఊరికి పనికివచ్చే గుణమే.