మంచుదారిలో ముందు ఇరుసు

మలుపులో బండి వెలుపలి చక్రం లోపలి చక్రంకన్న ఎక్కువ దూరం నడవాలి. మన ఎడ్లబండికి ఈ చిక్కు లేదు; ఇరుసు కదలదు, చక్రాలు దేనికవే తిరుగుతాయి. ఒకే ఇంజను రెండు చక్రాలనూ తిప్పవలసిన వాహనానికే ఆ బాధ. 1820ల చివర ఫ్రాన్సు దేశీయుడు పెకర్ ఆవిరిబండికై అమర్చిన డిఫరెన్షియలే దీనికి పరిష్కారమయింది.

అయితే అది వేగాలను వేరు చేయనిస్తుంది గాని, తిప్పే బలాన్ని, అనగా టార్కును, సమంగానే పంచుతుంది. మంచుగడ్డపైనున్న చక్రం వంద పాళ్ళకే జారిపోతే, గట్టినేలపైనున్న రెండవదానికి దక్కేదీ ఆ వందే. ఈ సమధర్మమే కొంప ముంచుతుంది. మిషిగన్ చలికాలంలో నాలుగు చక్రాల చోదనం గల ట్రక్కు సైతం ఇంటి ముందరి వాలుపై ముందొకటి, వెనుకొకటి చక్రాలను గిర్రున తిప్పుతూ నిలిచిపోగలదు.

రెండు చక్రాలనూ బిగించివేసే లాకరు వెనుక ఇరుసుకు నప్పవచ్చు. ముందు ఇరుసు దారి చూపే ఇరుసు. అక్కడ బిగింపు ఉంటే స్టీరింగు బరువెక్కుతుంది. నున్నని మంచుపై రెండు చక్రాలూ ఒక్కసారే జారితే, స్టీరింగు ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. పిల్లలను ఎక్కించుకొన్న బండికి ఇది చిన్న విషయం కాదు.

క్లచ్చి పలకల రకంలో రసాయనశాస్త్రం ప్రవేశిస్తుంది. నిలిచియున్న పలకల ఘర్షణ, జారుతున్న పలకల ఘర్షణకన్న అధికమైతే అవి పట్టుతూ వదలుతూ వణకుతాయి. అందుకే నూనెలో పొడవాటి గొలుసు అణువులు గల ద్రవ్యాన్ని కలుపుతారు. అణువు తల లోహాన్ని అంటుకొంటుంది, తోక తివాచీ నూగులా పైకి నిలుస్తుంది. ఎంత మంచి నూనె పోసినా పలకలు మాత్రం అరుగుతాయి.

పళ్ళచక్రాల ఒరపిడినే వాడుకొనే రకానికి ఆ బెడద లేదు. అమెరికాలో గ్లీస్‌మన్ 1958లో పేటెంటు పొందిన టోర్సెన్ ఈ జాతిదే. దాని నిష్పత్తి మూడైతే, వందకు జారే చక్రానికి ఎదుటి చక్రం మూడువందలు అందుకొంటుంది. చక్రం గాలిలోకి లేస్తే మాత్రం సున్నాకు మూడింతలూ సున్నాయే! అప్పుడు బ్రేకు కొద్దిగా తొక్కితే కొంత ఫలితముంటుంది.

కనుక మంచుదారుల కుటుంబ వాహనానికి ముందు ఇరుసున పళ్ళచక్రాల రకమే మేలు. యూటా రాష్ట్రపు మోయబ్ బండరాళ్ళెక్కేవారికి, చోదకుడు కోరినప్పుడే బిగిసే లాకరు తగినది. రాయి దాటగానే మీట నొక్కి దానిని విడిచివేయవచ్చు.