చలనచిత్రముల ద్వారా పరభాషా పదబోధన

ఇంగ్లీషులో పోర్, స్పిల్, లీక్ అను మూడు క్రియలు కలవు. చైతన్యపురి హోటలులో కప్పులోనికి టీ పోయుట మొదటిది. చేయి తగిలి అది బల్లపై ఒలుకుట రెండవది. చిల్లుపడిన పాత్రనుండి కారుట మూడవది. నిఘంటువు ఈ భేదమును చెప్పును; చలనచిత్రము చూపును.

మాటయు బొమ్మయు వేర్వేరు త్రోవల స్మృతిలో చేరునని అలన్ పైవియో 1971లో ప్రతిపాదించెను. ఒక త్రోవ మూసికొనినను రెండవదానివలన మాట జ్ఞప్తికి రావచ్చును.

మన విద్యార్థులకు మరియొక చిక్కు కలదు. పుస్తకములో గుర్తించిన మాటనే చెవితో విన్నపుడు పోల్చుకొనలేరు. ఇంగ్లీషు సంభాషణకు ఇంగ్లీషు అక్షరములే తెరపై కనిపించినచో ధ్వనికిని వర్ణక్రమమునకును ముడిపడును. తెలుగు అక్షరములున్నచో కథ తెలియును గాని, చెవి ఇంగ్లీషును విడిచిపెట్టవచ్చును.

అయినను సినిమా మొత్తము చూపుట బోధన కాదు. వెబ్, రాడ్జర్స్ అనువారు 318 చలనచిత్రముల సంభాషణలను పరిశీలించి, నూటికి 95 మాటలు తెలియుటకు సుమారు 3,000 పదకుటుంబములు రావలెనని 2009లో చూపిరి. కావున రెండు నిమిషముల దృశ్యము, అయిదారు క్రొత్త మాటలు చాలును. మొదట ధ్వని లేకుండ చూపి, జరిగినదానిని ఊహింపజేయవలెను. పిదప ధ్వనితోను అక్షరములతోను. చివరకు అక్షరములు లేకుండ చూపవలెను. మరునాడు ఆ మాటలతో వాక్యములు చెప్పింపవలెను. తిరిగి వాడని మాట త్వరలో మరపునకు వచ్చును.

1958లో హైదరాబాదున వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషే నేటి ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ విశ్వవిద్యాలయము. అచ్చట వీడియో పాఠములును తయారగుచున్నవి. అవి అందనిచోట ఉపాధ్యాయుని చేతిఫోనైనను పనికివచ్చును. కాని నిజాయితీ వంటి భావమునకు బొమ్మ లేదు. అచ్చట ఉపాధ్యాయుని వివరణయే శరణ్యము.